ఉర్లా గోడౌన్‌లో రెండు సున్నాలు

రాయ్‌పూర్ వెళ్లొచ్చానని చెబితే మా ఊళ్లో అందరూ అడిగేది ఒక్కటే, అక్కడ చూడ్డానికి ఏముందని. నేను చూసింది ఒక ఇనుప గోడౌన్ నేల. ఆ నేల మీద రెండు పెద్ద సున్నాలు. వాటికి టికెట్టు లేదు, గైడు లేడు. పనిగట్టుకుని వెళ్లి చూడమని నేను ఎవరికీ చెప్పను. అయినా ఆ ఐదు రోజులకి నా డైరీలో ఇరవై రెండు పేజీలు పట్టాయి. మామూలుగా నెలంతా కలిపినా అన్ని పట్టవు.

వెళ్లింది మా పిన్ని కూతురు బిందు కోసం. అది తొమ్మిదో తరగతి. చక్రాల బూట్లతో ఫిగర్ స్కేటింగ్ చేస్తుంది. బాబాయివాళ్లు తాతల కాలంలోనే విజయనగరం నుంచి రాయ్‌పూర్ రైల్వేలోకి వెళ్లిన కుటుంబం. మధ్యలో ఆరేళ్లు విశాఖపట్నంలో పనిచేశారు. బిందు స్కేటింగ్ నేర్చుకున్నది అక్కడే. పోయిన ఏడాది బదిలీ అయి మళ్లీ రాయ్‌పూర్ చేరారు. చిక్కు అక్కడ మొదలైంది. ఒక రాష్ట్రం తరఫున ఆడిన పిల్ల ఇంకో రాష్ట్రానికి ఆడాలంటే, పాత రాష్ట్రం వాళ్లు మాకు అభ్యంతరం లేదని ఉత్తరం ఇవ్వాలట. ఆ ఉత్తరం మీద సంతకం పడడానికి ఏడు నెలలు పట్టింది. పడేసరికి ఛత్తీస్‌గఢ్ జట్టు ఎంపికకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఎంపికయ్యేది ఇద్దరే. వాళ్లే జాతీయ పోటీలకు వెళ్తారు. ఉత్తరం ఒరిజినల్ శనివారం సాయంత్రంలోగా అందితేనే బిందు ఆదివారం ఆడుతుంది.

"నువ్వెలాగూ ఖాళీగానే ఉన్నావు కదా" అంది అమ్మ నాతో. డిగ్రీ అయిపోయి ఉద్యోగం పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి ఇంతకంటే పదునైన మాట ఉండదు. ఒక చేతికి ఉత్తరం, ఇంకో చేతికి పిన్నికి ఆవకాయ జాడీ ఇచ్చి రైలెక్కించింది.

రాయగడ దాటాక

నేను పై బెర్తు మనిషిని. కింద కూర్చుంటే ఎవరో ఒకరు ఎక్కడికమ్మా అంటారు, జవాబు చెప్పాలి. పైకెక్కి పుస్తకం తెరిస్తే ఆ బాధ లేదు. కానీ పగటి రైల్లో ఎంతసేపని పైన పడుకుంటాం. రాయగడ దాటాక కిందికి దిగాను. ఎదురుగా కాంటాబంజి వెళ్తున్న బట్టల వ్యాపారి ఒకాయన, కిటికీ దగ్గర బుట్ట నిండా సీతాఫలాలతో ఒకావిడ ఉన్నారు. ఆవిడ డజను యాభై రూపాయలంది. మా ఊళ్లో ఆ సైజువి నూట ఇరవై. బేరమాడే ధైర్యం లేక, అవసరం కూడా లేక, అడిగినంతా ఇచ్చాను. ఆవిడకు నా మీద జాలేసి ఇంకో రెండు వేసింది.

బట్టలాయన రొట్టెలు విప్పి, నా పక్కనున్న జాడీ వంక మూడుసార్లు చూశాడు. మూడోసారి నేను జాడీ మూత విప్పి అటు జరిపాను. ఆయన ఒక ముక్క రుచి చూసి కళ్లు మూసుకున్నాడు. రెండో ముక్క తిని, నా పెళ్లి కుదిరిందా అని హిందీలో అడిగాడు. నాకు రాదన్నట్టు అడ్డంగా తలాడించాను. హిందీ రాదని ఆయన అనుకున్నాడో, పెళ్లి కుదరలేదని అనుకున్నాడో తెలియదు. మూత ఆయనే పెట్టాడు. సరిగ్గా పెట్టలేదు.

టిట్లాగఢ్‌లో రైలు ఒక్క కుదుపు కుదిపింది. జాడీ నా చేతిసంచి మీదికి ఒరిగింది. సంచిలోంచి కవరు తీసి చూస్తే, ఉత్తరం కింద మూల, గుండ్రటి ముద్ర పడినచోట, దాని చుట్టూ ఇంకో ఎర్రటి గుండ్రం. నూనె కాగితానికి అవతలి పక్కకు కూడా దిగింది.

బట్టలాయన ఉప్పు చల్లమన్నాడు. చల్లాను. సీతాఫలాలావిడ తన సంచిలోంచి పౌడరు డబ్బా తీసి, ఉప్పు దులిపి పౌడరు చల్లింది. నూనె కొంత పీల్చుకుంది. ఏడు నెలల సంతకం ఉన్న కాగితం ఇప్పుడు ఆవకాయ వాసన, గులాబీ పౌడరు వాసన కలిసి కొడుతోంది. కాంటాబంజిలో దిగుతూ బట్టలాయన తన చేతిరుమాలు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫాం మీద నిలబడి వేలు నాకుతున్నాడు.

క్వార్టర్లు

రాయ్‌పూర్ స్టేషన్లో పిన్ని నన్ను చూడగానే, "ఒలే హైమా, ఇంత దుబ్లీ అయిపోయావేటే? మా అప్ప తిండెట్టటంలేదేటి?" అంది. దుబ్లీ అంటే బక్కచిక్కడం, అప్ప అంటే అక్క, మా అమ్మ. పిన్ని తెలుగు విజయనగరంలో బయల్దేరి రాయ్‌పూర్‌లో దిగుతుంది. ఒక వాక్యంలో రెండు స్టేషన్లు ఉంటాయి.

ఉత్తరం చూపించాను. పిన్ని వాసన చూసి, "ఈసారి మెంతిపిండి ఎక్కువేసింది" అంది. మిగతా సంగతి ఆ తర్వాత తట్టింది. సోఫాలో కూలబడింది.

బాబాయి వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేస్తాడు. రాత్రి భోజనాల దగ్గర టీవీ పెట్టడు, ఫోన్లో స్కేటింగ్ వార్తలు చదువుతాడు. మంచు మీద ఆడేవాళ్ల వార్తలు. బిందు ఆడేది చక్రాల మీద, సిమెంటు మీద. ఆ తేడా ఆయనకు పట్టదు. ఎవరు ఏ దేశం వదిలి ఏ దేశానికి వెళ్లారో, పాత దేశం వదలనందుకు ఎవరు ఎన్నాళ్లు ఇంట్లో కూర్చున్నారో, ఏ జడ్జి తన దేశం పిల్లకి ఎంత ఎక్కువ వేశాడో అన్నీ ఆయనకు నోటికొచ్చు.

"ఈ జంట చూడు, బదిలీ అడిగితే పాతవాళ్లు కాగితం ఇవ్వలేదు" అన్నాడు పప్పు కలుపుకుంటూ. "నాకు రాయ్‌పూర్ ట్రాన్స్‌ఫర్ ఇవ్వడానికి మా ఆఫీసువాళ్లు ఆటాడించినట్టే వీళ్లూ ఆడిస్తున్నారు. సేమ్ టు సేమ్."

"జడ్జీలందరూ అంతే" అంది పిన్ని. "బయటనుంచి వచ్చినోళ్లకి నంబర్లు తక్కువేస్తారు. ఎక్కడైనా అంతే. మన బిందుకి కూడా అలాగే చేస్తారు, లిఖ్ కే లేలో."

రాసిపెట్టుకో అని దాని అర్థం. ఇంట్లో రాసుకునేదాన్ని నేనొక్కదాన్నే. పిన్ని అది నాకేసి చూసి అనలేదు గానీ, నేను ఆ రాత్రి డైరీలో నిజంగానే రాసుకున్నాను.

బిందు మాత్రం జడ్జీల గురించి ఏమీ అనలేదు. గచ్చు మీద ఒక కాలిపై నిలబడి రెండో కాలు వెనక్కి చాపి అన్నం తింటోంది. ముద్ద ముద్దకీ కాలు మారుస్తోంది. పిన్ని అలాగే దాని కంచంలో కూర వేస్తోంది. ఆ ఇంట్లో అది మామూలే అని అర్థమైంది.

భన్‌పురి

స్కేటింగ్ సంఘం ఆఫీసు భన్‌పురిలో ఒక టైర్ల దుకాణం వెనక గదిలో ఉంది. సెక్రటరీ గారిదే దుకాణం. ముందు గదిలో లారీ టైర్లు, వెనక గదిలో కప్పులు, బీరువా. ఒక పెద్ద టైరు మీద గుడ్డ పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. నా బరువుకి అది కొంచెం కూడా నొక్కుకోలేదు. పిన్నికి నొక్కుకుంది.

సెక్రటరీ గారు కవరు విప్పి, ఉత్తరం వెలుతురుకి పట్టి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు, తుమ్మారు.

"యే క్యా హై?" ఇదేమిటి అన్నారు.

పిన్ని, "రైల్లో అచార్ పడిపోయింది భాయ్‌సాబ్" అంది. హిందీలోనే చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. "సంతకం కనిపిస్తోంది కదా, ముద్ర కూడా కనిపిస్తోంది. దాని చుట్టూ ఉన్నది లెక్కలోకి తీసుకోకండి."

ఆయన మళ్లీ వాసన చూశారు. "ఇది ఆంధ్రా నుంచే వచ్చిందనడంలో నాకు సందేహం లేదు" అని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. అలా ఏడు నెలల బదిలీ వ్యవహారం ఒక్క నిమిషంలో తేలిపోయింది. పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది.

రసీదు రాసుకోమని నాకు కాగితం ఇచ్చారు. రాశాను. ఆయన నా అక్షరాలు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. రేపు జడ్జీలు చెప్పే మార్కులు రాసేవాళ్లు కావాలట, రోజూ రాసే అమ్మాయికి జ్వరమట.

"వద్దు భాయ్‌సాబ్, ఇది మా అప్ప కూతురు, మా బిందుకి అక్క" అంది పిన్ని. ఆ వరస ఆయనకు పట్టలేదనుకుంటాను.

"మార్కులు వేసేది జడ్జీలు. ఈ అమ్మాయి రాస్తుంది, అంతే. రాసేవాళ్లకి పక్షం ఏముంటుంది?"

నేను కాదనలేదు. కాదనాలంటే మాట్లాడాలి కదా.

ఉర్లా

ఆదివారం పొద్దున ఇక్కడివాళ్లు అటుకులూ జిలేబీ తింటారు. ప్లేటు పాతిక రూపాయలు. అటుకుల ఉప్మా మీద సన్న కారప్పూస, పక్కనే పాకం కారే జిలేబీ. తీపీ కారం ఒకే ప్లేట్లో పెట్టడం చూస్తే మా అమ్మ ప్లేటు తిరిగి ఇచ్చేస్తుంది. నేను రెండు తిన్నాను.

పోటీ జరగాల్సిన హాలు పెళ్లికి ఇచ్చేశారని, ఉర్లాలో ఒక ఇనుము వ్యాపారి తన గోడౌన్ ఇచ్చాడు. నేను టీవీలో చూసిన మెరిసే గౌన్లు, పాటలు, గిరగిరా తిరగడాలు మనసులో పెట్టుకుని వెళ్లాను. ఎంపిక జరిగేది వాటికి కాదని అప్పుడే తెలిసింది. నేల మీద ఒకదాన్నొకటి తాకే రెండు పెద్ద సున్నాలు గీస్తారు, ఎనిమిది అంకెలాగా. ఒంటికాలి మీద, ఆ గీత వదలకుండా, మెల్లగా మూడుసార్లు చుట్టి రావాలి. పాట లేదు. గౌను లేదు. చక్రాలు గీత మీద ఉన్నాయా లేదా, అంతే. ఫిగర్ అనే మాటకు అసలు అర్థం ఇదేనని బిందు చెప్పింది.

మేం వెళ్లేసరికి సెక్రటరీ గారు తల పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఎదురుగా ఖాకీ చొక్కా, తెల్ల మీసాలాయన, చేతిలో సుత్తి, గర్వంగా. పేరు ధనీరామ్. పక్క కార్ఖానాలో నీళ్ల ట్యాంకులు చేసేచోట ఇనుప రేకుల మీద గీతలు గీసే పని. ముప్పై ఏళ్లుగా అదే. సున్నాలు గీయడానికి ఆయన్నే పిలిచారు. ఇంత పెద్ద సున్నా చేత్తో తప్పులేకుండా గీసేవాడు రాయ్‌పూర్‌లో ఇంకొకరు లేరట.

సున్నాలు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. కానీ రేకు మీద గీసిన సుద్దగీత చెరిగిపోతుందని, గీత పొడవునా ఇనుప మొనతో సుత్తి దెబ్బ కొట్టి చుక్కలు పెట్టడం వాళ్ల పనిలో అలవాటు. ధనీరామ్ ఇక్కడా పెట్టాడు. రెండు సున్నాల చుట్టూ, రెండు వేళ్లకొకటి చొప్పున, సిమెంటులో కందిగింజంత గుంటలు. రాత్రంతా కూర్చుని కొట్టాడట.

"గీత గీయమన్నాను, తవ్వమనలేదు" అన్నారు సెక్రటరీ గారు.

"చుక్క పెట్టని గీత గీతే కాదు సాబ్" అన్నాడు ధనీరామ్. "రేపు వెల్డింగ్‌వాడు వచ్చి ఎక్కడ కొయ్యాలని అడిగితే?"

"ఇక్కడ ఎవరూ ఏమీ కొయ్యరు."

"అది మీరు ముందు చెప్పలేదు."

చీఫ్ జడ్జి మేడం బిలాస్‌పూర్‌లో ఆటల టీచరుగా చేసి రిటైరైన ఆవిడ. తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిల్. ఆవిడ వంగి ఒక గుంటను వేలితో తడిమింది. "పడేంత లోతు లేదు. ఆడిద్దాం" అంది.

బిందు ఒక్కతే ధనీరామ్ దగ్గరికి వెళ్లి, "దాదా, చుక్కలన్నీ సమానంగానే ఉన్నాయా?" అని అడిగింది. ఆయనకు అంతకంటే మర్యాద ఇంకెవరూ చేసి ఉండరు. "తాడు పెట్టి కొలువు నోనీ" అన్నాడు. నోనీ అంటే ఇక్కడ చిట్టితల్లి అన్నట్టు, దాదా అంటే తాత. అప్పట్నుంచి ఆయనా, ఇనుప కమ్మీల గుట్టల మీద కూర్చుని చూస్తున్న పాతికమంది కూలీలూ బిందు పక్షం.

ఆరుగురు పిల్లలు. జడ్జీలు ముగ్గురు. నేను సున్నా పక్కనే చిన్న బల్ల దగ్గర. మొదటి పిల్ల బయల్దేరింది. టిక్కు టిక్కు టిక్కు టిక్కు. చక్రాలు చుక్కల మీద నడిచినంతసేపూ కుట్టుమిషను నడిచినట్టు చప్పుడు. చక్రం పక్కకు జారితే చప్పుడు ఆగిపోతుంది. మళ్లీ గీత మీదకొస్తే టిక్కు టిక్కు.

గోడౌనంతా సద్దుమణిగింది. అప్పటిదాకా కూలీల్లో ఒకాయన, "డాన్సు ఎప్పుడు?" అని పక్కాయన్ని అడుగుతున్నాడు. పక్కాయన ఆయన నోటి మీద చెయ్యి పెట్టాడు. చప్పుడు ఆగినప్పుడల్లా గుట్టల మీంచి పాతికమంది ఒక్కసారే "అరెరె" అంటున్నారు. మేడం విజిలూదింది. తర్వాత అరెరె అనడం మానేసి తలలు మాత్రం ఊపారు.

నా పని జడ్జీలు చివర్లో చెప్పే మార్కులు రాయడం. అందాకా చేతులు ఊరికే ఉండలేక, డైరీ తీసి చప్పుడు ఆగిన చోటల్లా ఒక అడ్డగీత పెడుతూ పోయాను. అది ఎందుకన్నది అప్పుడు ఆలోచించలేదు.

ఛాయా అనే పొడుగుపిల్ల భలే తిరిగింది. తర్వాత నీలమ్. చివరికి బిందు. మొదటి రౌండు అదిరింది. గుట్టల మీద తలలు కదలలేదు. రెండో రౌండు నుంచి మా పిల్ల అటూ ఇటూ అయింది. నా పెన్సిలు కదిలింది. కదలకూడదని ఎంత కోరుకున్నానో, అంత కదిలింది.

మార్కులు రాసి కూడికలు వేశాను. ఛాయా మొదట, నీలమ్ రెండు, బిందు మూడు.

మేడం ఫలితం చదివిన మరుక్షణం పిన్ని లేచింది. చేతిలో గెలిచాక పంచుదామని తెచ్చిన లడ్డూల డబ్బా.

"చూశారా? నేను అన్నానా లేదా? బయటనుంచి వచ్చిన పిల్ల అని నంబర్లు కోసేశారు. ఆ ఉత్తరం ఇచ్చినప్పట్నుంచీ వీళ్ల మొహాలు మారిపోయాయి. ఫోన్లో రోజూ చదువుతున్నాం ఇలాంటివి."

"బెహెన్‌జీ, ఆ ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది. ఎవరూ చూడలేదు" అన్నారు సెక్రటరీ గారు. తుమ్మారు.

"నోనీ బాగా తిరిగింది" అన్నాడు గుట్ట మీంచి ఒకాయన. అవునవునని ఇంకో పదిమంది. ధనీరామ్ సుత్తి పైకెత్తాడు, అడగడానికి చెయ్యెత్తినట్టు. "మేడం, గీత మీద ఉందో లేదో నా చుక్కలు చెప్పాయి కదా. ఎవరైనా లెక్కపెట్టారా?"

జడ్జీలెవరూ లెక్కపెట్టలేదు. నేను డైరీ మెల్లగా సంచిలోకి జారుస్తున్నాను. అది సంచిలో సగం ఉండగా బిందు నా వంక చూసింది.

"మా అక్క పెట్టింది" అంది.

ఒక గోడౌన్ నిండా ఉన్న మనుషులు నా వంక చూడడం నాకు అదే మొదలు. పిన్ని మొహం వెలిగిపోయింది. "చదువు హైమా. గట్టిగా చదువు. అందరికీ తెలియాలి."

చదవకుండా ఉండడానికి దారులన్నీ ఆలోచించాను. పెన్సిలు గీతలు కనిపించడం లేదనొచ్చు. హిందీ అంకెలు రావనొచ్చు, ఇరవై దాటితే నిజంగానే రావు. కానీ పేజీలో అంత పెద్ద అంకెలు లేవు. లేచి నిలబడ్డాను.

"ఛాయా, దో. నీలమ్, చార్." అక్కడ ఆగాను. మేడం తన నీళ్ల సీసా ఇచ్చింది. తాగాను. "బిందు, సాత్."

రెండు, నాలుగు, ఏడు. బాబాయి గోడౌన్ పైకప్పు రేకులు పరిశీలించడం మొదలుపెట్టాడు. పిన్ని లడ్డూల డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"సాత్ కాదు, ఆఠ్" అంది బిందు.

అందరూ దానివైపు తిరిగారు. అది బూట్ల తాళ్లు విప్పుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఎనిమిది. మూడో రౌండులో ఒకటుంది. అప్పుడు అంకుల్ తుమ్మారు, అక్కకి వినపడలేదు."

సెక్రటరీ గారు జేబు మీద చెయ్యి పెట్టుకుని, సారీ అన్నారు.

మేడం నా డైరీ తీసుకుని తన మార్కుల కాగితం పక్కన పెట్టి చూసింది. ఆరుగురి వరుసా కలిసింది. ముప్పై ఏళ్ల టీచరు అలవాటు కాబోలు, నా పేజీ మీద ఎర్రపెన్నుతో ఒక టిక్కు పెట్టి, కింద గుడ్ అని రాసి ఇచ్చింది.

పిన్ని మేడం దగ్గరికి వెళ్లి డబ్బా మూత తీసింది. మేడం ఒక లడ్డూ తీసుకుంది. తెచ్చిన లడ్డూలు ఇంటికి పట్టుకుపోవడం పిన్నికి చేతకాదు. ఛాయాకి, నీలమ్‌కి, వాళ్ల అమ్మలకి, గుట్టల మీది పాతికమందికీ పంచింది. చివరి వరుసలో ఉన్నవాళ్లు ఎవరో గెలిచిన పిల్ల తల్లి పిన్నేననుకుని బధాయీ హో అని అభినందించారు. పిన్ని థాంక్యూ అంది.

బీర్‌గావ్

తిరిగొచ్చేటప్పుడు పిన్ని నాతో మాట్లాడలేదు. ఆటోలో బాబాయి ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు. బీర్‌గావ్ దగ్గర చీలాల బండి కనబడగానే ఆపించారు. చీలా అంటే బియ్యప్పిండితో పోసే అట్టు, మన దోసెకి పులవడానికి తీరిక లేకపోతే ఎలా ఉంటుందో అలా. టమాటా పచ్చడితో జత ముప్పై రూపాయలు.

రెండో చీలా సగంలో పిన్ని అడిగింది, "ఒలే, ఒక్కటి కూడా తగ్గించి రాయాలనిపించలేదేటే నీకు?"

"ఒకటి తగ్గే ఉంది కదమ్మా, తుమ్మువల్ల" అంది బిందు.

పిన్ని దాని నెత్తి మీద ఒకటి మొట్టి, తన ప్లేట్లో చీలా తీసి నా ప్లేట్లో వేసింది. అంటే రాజీ అయిపోయినట్టే.

ధనీరామ్ ఇల్లు ఆ పక్క సందులోనే. మమ్మల్ని చూసి సైకిలాపాడు. మొహం వాడిపోయి ఉంది. గోడౌన్ యజమాని వచ్చి చూసి, గుంటలన్నీ సిమెంటుతో పూడ్చమన్నాడట. పెద్దవాళ్లం అయ్యో అన్నాం. బిందు తినడం ఆపింది.

"దాదా, పూడ్చకండి" అంది. "నేను ఎక్కడ జారుతున్నానో చెప్పడానికి ఇక్కడ నాకు కోచ్ లేరు. పాత ఊళ్లో సార్ చెప్పేవారు. ఇక్కడ మీ చుక్కలు చెప్పాయి."

ధనీరామ్ మీసం దువ్వుకున్నాడు. ఛత్తీస్‌గఢీలో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. బాబాయి నవ్వి చెప్పాడు, "సిమెంటు రావాలి కదా అంటున్నాడు. అది భిలాయ్ నుంచి రావాలట. ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు అంటున్నాడు."

మా ఎదురుగా సిమెంటు దుకాణం ఉంది. తెరిచే ఉంది. దానివైపు ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున ధనీరామ్ భార్య మాకు బోరే బాసీ పంపింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినేది. మా చద్దన్నమే, పేరు మాత్రం కొత్త. ఊరు వదిలాక నాకు ఇంట్లో ఉన్నట్టు అనిపించింది ఆ గిన్నె ముందే. మేం ఖాళీ గిన్నెలో ఆవకాయ వేసి పంపాం. జాడీలో మిగిలింది అంతే.

ఇంటికొచ్చాక

ఛాయా, నీలమ్ జాతీయ పోటీలకు వెళ్లొచ్చారు. బిందు వెళ్లలేదు. బాబాయి ఇప్పుడూ వార్తలు చదువుతున్నాడు గానీ, జడ్జీ వార్త వస్తే పిన్ని, "ముందు ఎవరైనా లెక్కపెట్టారేమో చూడండి" అంటోందట.

మొన్న ఆదివారం పొద్దున పిన్ని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. నాకు అలాంటి ఫోన్లే ఇష్టం కనక నేనూ ఊరుకున్నాను. కాసేపటికి వినబడింది. టిక్కు టిక్కు టిక్కు టిక్కు. ఫోన్ నేల మీద పెట్టినట్టున్నారు. భిలాయ్ సిమెంటు ఇంకా రాలేదన్నమాట.

డైరీ తెరిచి పెన్సిలు పట్టుకున్నాను. ఒక రౌండు. రెండో రౌండు. మధ్యలో ఎక్కడో లారీ హారను. మూడో రౌండు. ఆగింది. నా పేజీ ఖాళీగా ఉంది.

"ఎన్ని అక్కా?" బిందు రొప్పుతోంది.

"ఒక్కటీ లేదు."

అవతల బిందు ఊపిరి తీసుకుంది.

"ఒకటుంది. లారీ హారను మోగినప్పుడు."

పేజీలో ఒక అడ్డగీత పెట్టాను. వెనక్కి తిప్పి, ఎర్ర టిక్కు ఉన్న పేజీ ఇంకోసారి చూశాను. ఛాయాకి ఆ రోజు రెండు.